లవ్ బర్డ్ మచ్చిక, రెక్కల కత్తిరింపు: ఏది ముందు, ఏది అవసరం?

తెలుగు రాష్ట్రాల్లోని పెంపుడు పక్షుల దుకాణాల్లో 'లవ్ బర్డ్స్' కావాలని అడిగితే చాలా చోట్ల చూపించేవి బడ్జెరిగార్‌లు. మెడ వెనుక అలల వంటి చారలు, పొడవైన సన్నని తోక గల ఆ చిన్న చిలుకలు ఆస్ట్రేలియాకు చెందినవి. అసలైన లవ్ బర్డ్ ఆఫ్రికా ఖండపు పక్షి. పొట్టి తోక, గుండ్రని తల, శరీర పరిమాణానికి మించి కనిపించే బలమైన ముక్కు దీని గుర్తులు. దుకాణదారులు దీనిని 'ఆఫ్రికన్ లవ్ బర్డ్' అని వేరుగా పిలుస్తారు, ధర కూడా వేరుగానే చెబుతారు. ఈ తేడా కేవలం పేరుకు సంబంధించినది కాదు. బడ్జెరిగార్ కరిస్తే నొప్పి అంతంతమాత్రం. లవ్ బర్డ్ కరిస్తే వేలి నుంచి రక్తం వస్తుంది. ఒకదానికి పనికివచ్చిన మచ్చిక పద్ధతి మరొకదానికి యథాతథంగా పనికిరాదు.

లవ్ బర్డ్‌లలో తొమ్మిది జాతులు ఉన్నాయి. ఎనిమిది జాతులు ఆఫ్రికా ప్రధాన భూభాగంలోనూ, బూడిద రంగు తల గల ఒక జాతి మడగాస్కర్ దీవిలోనూ నివసిస్తాయి. మన దేశంలో ఎక్కువగా పెంచుతున్నవి రెండు: నమీబియా, అంగోలా, దక్షిణాఫ్రికాల పొడి ప్రాంతాలకు చెందిన గులాబీ ముఖపు లవ్ బర్డ్, టాంజానియాకు చెందిన ఫిషర్స్ లవ్ బర్డ్. పొడవు సుమారు 13 నుంచి 17 సెంటీమీటర్లు, బరువు ఇంచుమించు 50 గ్రాములు. చక్కగా చూసుకుంటే పది నుంచి పదిహేనేళ్లు జీవిస్తుంది. అంటే ఒకటో తరగతి పిల్లవాడి ముచ్చట తీర్చడానికి కొన్న పక్షి, ఆ పిల్లవాడు కళాశాలకు వెళ్లే నాటికి కూడా ఇంట్లోనే ఉంటుంది. కొనేముందు ఈ లెక్క వేసుకునేవారు తక్కువ.

కొనుగోలు చేసిన మొదటి వారంలోనే పెంపకందారులను రెండు ప్రశ్నలు వేధిస్తాయి. పక్షి చేతికి ఎప్పుడు వస్తుంది? ఎగిరిపోకుండా రెక్కలు కత్తిరించాలా? చాలామంది రెండో ప్రశ్నకు సమాధానమే మొదటిదానికి కూడా సమాధానమని భావిస్తారు. రెక్కలు కత్తిరిస్తే పారిపోలేదు, పారిపోలేకపోతే మచ్చికవుతుందన్నది వారి తర్కం. ఈ తర్కంలో కొంత నిజం, అంతకంటే ఎక్కువ ప్రమాదం ఉన్నాయి.

పక్షి కంటితో చూస్తే

చిలుక జాతులన్నీ వేటకు గురయ్యే ప్రాణులు. వేటాడే గద్దకు కళ్లు ముందువైపు చూస్తాయి. లవ్ బర్డ్‌కు కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి. దాదాపు తన చుట్టూ ఉన్న ప్రపంచమంతా దానికి ఒకేసారి కనిపిస్తుంది. పైనుంచి వేగంగా దిగే ఏ ఆకారమైనా దానికి గద్దే. పంజరం పైతలుపు తెరిచి చేయి లోపలికి దించడం అనేది మనకు నీళ్ల గిన్నె మార్చడం, దానికి మృత్యువు దిగిరావడం. అందువల్ల చేయి ఎప్పుడైనా పక్క నుంచి, పక్షి ఛాతీ ఎత్తుకంటే కిందుగా, నెమ్మదిగా వెళ్లాలి. రెండు కళ్లతో సూటిగా, రెప్పవేయకుండా చూడటం కూడా వేటగాడి లక్షణమే. ముఖం కొంచెం పక్కకు తిప్పి, రెప్పలు ఆర్పుతూ మాట్లాడటం మేలు.

పంజరం ఉంచే చోటు మొదటి మెట్టు. ఒకవైపు గోడ ఆసరా ఉండాలి. నాలుగు వైపులా తెరిచి ఉన్న చోట పక్షి నిరంతరం కాపలా కాస్తూనే ఉంటుంది. ఎత్తు మనిషి ఛాతీ దగ్గర ఉంటే చాలు. వంటగది తగదు. నాన్‌స్టిక్ పాత్రల పూత మితిమీరి వేడెక్కితే వెలువడే వాయువు పక్షులను నిమిషాల్లో చంపగలదు. పక్షి ఊపిరితిత్తుల నిర్మాణం అంత సున్నితం. దోమల చుట్టలు, అగరొత్తులు, సాంబ్రాణి పొగ విషయంలోనూ ఇదే జాగ్రత్త పాటించాలి. పూజగది పక్కన పంజరం వేలాడదీయడం మన ఇళ్లలో తరచుగా కనిపించేదే గానీ పక్షికి అది మంచి చోటు కాదు. రాత్రి పది నుంచి పన్నెండు గంటల చీకటి, నిశ్శబ్దం అవసరం. టీవీ ఎదుట అర్ధరాత్రి వరకు మేల్కొన్న పక్షి మరుసటి రోజు చిరాకుతో కరుస్తుంది. దానిని 'మొండి పక్షి' అని యజమాని నిర్ణయిస్తాడు.

తొలి నాలుగైదు రోజులు పక్షిని పట్టుకునే ప్రయత్నమే చేయరాదు. పంజరం దగ్గర కూర్చుని పత్రిక చదువుకోవచ్చు, తక్కువ స్వరంతో మాట్లాడవచ్చు. మన సమక్షంలో అది గింజలు తినడం, ఈకలు సవరించుకోవడం మొదలుపెట్టిందంటే ఒక గడప దాటినట్లే. భయపడిన పక్షి ఈకలను శరీరానికి అదిమి సన్నగా, నిటారుగా నిలబడుతుంది. నెమ్మదించిన పక్షి ఈకలు కాస్త వదులుగా ఉంటాయి, ఒంటికాలిపై నిలబడుతుంది, నిద్రకు ముందు ముక్కును పరపరమని నూరుకుంటుంది. ఆ ముక్కు నూరే శబ్దాన్ని కొత్తవారు రోగమనుకుంటారు. అది హాయికి సంకేతం. అయితే పగలంతా ఈకలు ఉబ్బించుకుని, కళ్లు మూసి, అడుగున కూర్చుంటే మాత్రం అది అనారోగ్యమే. పక్షులు రోగాన్ని చివరివరకు దాచుకుంటాయి కాబట్టి ఆలస్యం చేయకుండా పశువైద్యుని సంప్రదించాలి.

కొర్ర కంకి చేసే పని

మచ్చికకు ఉపయోగపడే ఉత్తమ సాధనం రాయలసీమ చేలల్లో పండుతుందంటే ఆశ్చర్యం కలగవచ్చు. విదేశీ ప్యాకెట్లలో చిలుకలకు ప్రత్యేక తాయిలంగా అమ్మే కంకి మరేమీ కాదు, మన కొర్ర కంకి. కర్నూలు, నంద్యాల, అనంతపురం ప్రాంతాల రైతులకు సుపరిచితమైన పంట. పురుగుమందు చల్లని కంకి దొరికితే ఎండబెట్టి దాచుకోవచ్చు. గింజలు కంకిని అంటిపెట్టుకుని ఉండటంలోనే దాని ప్రయోజనం ఉంది. మొదట కంకి పొడవంతా మన చేతికీ పక్షికీ మధ్య దూరంగా నిలుస్తుంది. తర్వాత రోజురోజుకూ పొట్టి కంకి అందిస్తే ఆ దూరం తగ్గుతూ, చివరికి వేళ్ల మధ్య ఉన్న గింజలను తినవలసి వస్తుంది.

ఈ కంకిని రోజంతా పంజరంలో వేలాడదీస్తే దాని విలువ పోతుంది. శిక్షణ సమయంలో, చేతి నుంచి మాత్రమే దొరకాలి. అలాగని పక్షిని పస్తులుంచరాదు. యాభై గ్రాముల ప్రాణికి నిల్వలు చాలా తక్కువ. పూట తిండి లేకపోవడం మనిషికి పూట పస్తు వంటిది కాదు. వంటింటి ఎలక్ట్రానిక్ కాటాపై వారానికోసారి బరువు చూసి రాసిపెట్టుకునే అలవాటు ఉంటే, కంటికి కనిపించక ముందే ఆరోగ్యం తగ్గుదల తెలిసిపోతుంది. రోజువారీ ఆహారం గింజలతోనే సరిపెట్టకూడదు. పాలకూర, కొత్తిమీర, క్యారెట్ తురుము, కొంచెం ఆపిల్ వంటివి అలవాటు చేయాలి. అవకాడో, చాక్లెట్, కాఫీ, టీ, ఉప్పు చల్లిన చిరుతిండ్లు విషంతో సమానం.

చేతి నుంచి తినడం స్థిరపడ్డాక 'ఎక్కు' అనే పాఠం మొదలవుతుంది. చూపుడు వేలును లేదా చిన్న కర్రను పక్షి పొట్ట కింద, కాళ్లకు కొంచెం పైన ఆనించి, మరో చేతిలో కంకిని ఆవల ఉంచాలి. కంకిని అందుకోవడానికి అది వేలిపై అడుగు పెడుతుంది. ఒక కాలు పెట్టినా బహుమతి ఇవ్వాలి. ఐదు నిమిషాల పాఠం రోజుకు రెండుసార్లు చాలు. పక్షికి విసుగు రాకముందే ఆపాలి. కరిస్తే ఏం చేయాలన్నది అందరూ అడిగే ప్రశ్న. చేయి విదిలించడం, అరవడం, ముక్కుపై తట్టడం మూడూ పొరపాట్లే. చేయి విదిలిస్తే, కరిస్తే చేయి పోతుందని అది నేర్చుకుంటుంది. అరిస్తే కొన్ని పక్షులకు అది వినోదం. తడితే అంతవరకు సంపాదించినది పోతుంది. కరవడానికి ముందు అది తప్పకుండా హెచ్చరిక ఇస్తుంది. మెడ చాచుతుంది, నోరు తెరుస్తుంది, ఈకలు బిగిస్తుంది. ఆ హెచ్చరిక దశలోనే చేతిని నెమ్మదిగా ఆపేస్తే, కరవవలసిన అవసరం దానికి రాదు.

ఆడ పక్షులు ఈ విషయంలో మరింత కఠినం. గూడు కట్టే కాలంలో పంజరాన్ని తన రాజ్యంగా భావించి, లోపలికి వచ్చే ఏ చేతినైనా ఎదుర్కొంటాయి. గులాబీ ముఖపు ఆడ పక్షి కాగితాన్ని పొడవాటి పీలికలుగా చీల్చి, వాటిని తోక పైభాగపు ఈకల్లో దోపుకుని గూటికి మోసుకుపోతుంది. ఫిషర్స్ పక్షి ముక్కుతో మోస్తుంది. అమెరికా శాస్త్రవేత్త విలియం డిల్గర్ 1960ల నాటి ప్రసిద్ధ పరిశోధనలో ఈ రెండింటికీ పుట్టిన సంకర పక్షులు పీలికలను ఈకల్లో దోపుకోబోయి విఫలమవడాన్ని గమనించారు. పెంపకందారునికి ఇందులో ఉపయోగపడే అంశం ఒకటుంది. కాగితాలు చీల్చి దోపుకుంటున్న పక్షి గూటి ధ్యాసలో ఉందని అర్థం. ఆ రోజుల్లో పంజరంలో చేయి పెట్టకుండా, తలుపు తెరిచి దానంతట అది బయటికి వచ్చాకనే పాఠం చెప్పాలి.

జంటగా ఉన్న పక్షులు మనిషికి ఆలస్యంగా దగ్గరవుతాయన్నది నిజమే. ఫ్రెంచి భాషలో వీటి పేరుకు అర్థం 'విడదీయరానివి'. అయితే ఒంటరి పక్షిని ఎంచుకున్నవారు రోజుకు కొన్ని గంటలు దానికి తోడుగా ఉండగలగాలి. ఉదయం వెళ్లి రాత్రి వచ్చే ఉద్యోగులు ఉన్న ఇంటికి జంటే న్యాయం. మచ్చిక కొంత ఆలస్యమైనా సరే.

కత్తెర పట్టేముందు

రెక్క చివర పొడవాటి ఈకలు పది ఉంటాయి. గాలిని వెనక్కు నెట్టి ముందుకు నడిపేవి ఇవే. శరీరానికి దగ్గరగా ఉండే రెండో వరుస ఈకలు పైకి ఎత్తి ఉంచుతాయి. రెక్కల కత్తిరింపు అంటే మొదటి వరుసలోని కొన్నింటిని పొట్టి చేయడం. పూర్తిగా పెరిగిన ఈక గోరు వంటిది. కెరాటిన్‌తో తయారైన ఆ నిర్జీవ భాగాన్ని కత్తిరిస్తే నొప్పి ఉండదు. ఈ ఒక్క వాక్యాన్ని పట్టుకునే చాలామంది ధైర్యంగా కత్తెర తీస్తారు.

అయితే అన్ని ఈకలూ పూర్తిగా పెరిగినవి కావు. కొత్తగా మొలుస్తున్న ఈక కాడలో రక్తం ప్రవహిస్తూ ఉంటుంది. దీని కాడ ముదురు రంగులో, లావుగా, మొదట్లో తెల్లని మైనపు తొడుగుతో కనిపిస్తుంది. పొరపాటున దీనిని కత్తిరిస్తే కుళాయి తెరిచినట్లే. యాభై గ్రాముల పక్షి శరీరంలో మొత్తం రక్తం నాలుగైదు మిల్లీలీటర్లు, అంటే ఒక చెంచాడు. అందులో అర మిల్లీలీటరు పోవడమే గణనీయమైన నష్టం. రక్తం కారితే కార్న్‌ఫ్లోర్ అద్ది, శుభ్రమైన గుడ్డతో ఆ చోట మెల్లగా అదిమి పట్టి, వెంటనే వైద్యుని దగ్గరకు తీసుకువెళ్లాలి. ఇంట్లో ఈకను పీకే ప్రయత్నం చేయరాదు.

కత్తిరింపు విషయంలో పక్షివైద్యుల మధ్యే ఏకాభిప్రాయం లేదు. సమర్థించేవారి వాదనను కొట్టిపారేయలేం. మన ఇళ్లలో ప్రతి గదిలో సీలింగ్ ఫ్యాన్ ఉంటుంది. తలుపులు తెరిచే ఉంటాయి, పిల్లలు వస్తూ పోతూ ఉంటారు. ఎగిరే పక్షికి తిరిగే ఫ్యానే అతి పెద్ద శత్రువు. కొంతకాలం రెక్క తగ్గిస్తే ఈ ప్రమాదాలు తగ్గుతాయి. వ్యతిరేకించేవారు చూపే నష్టాలూ గట్టివే. ఎగరడం పక్షికి విహారం మాత్రమే కాదు. ఛాతీ కండరాలకు, గుండెకు, శ్వాసకు అదే వ్యాయామం. ఎగరలేని పక్షి పిల్లికి, కుక్కకు, మనిషి పాదానికి సులువుగా దొరుకుతుంది. మొండి ఈకల అంచులు గుచ్చుకుని చిరాకుతో తన ఈకలను తానే కొరుక్కునే పక్షులూ ఉన్నాయి.

మచ్చికకు సంబంధించినంతవరకు తీర్పు స్పష్టం. పారిపోగలిగీ పారిపోకుండా చేతిపై నిలిచిన పక్షి ఆ చేతిని ఎంచుకుంది. పారిపోలేక నిలిచిన పక్షి ఎంచుకోలేదు, లొంగింది. భయం కలిగినప్పుడు పక్షికి మొదటి దారి ఎగిరిపోవడం. ఆ దారి మూసేస్తే మిగిలేది కరవడం. రెక్కలు కత్తిరించిన తర్వాత 'ఇంతకుముందు కరిచేది కాదు' అని చెప్పే యజమానుల అనుభవానికి మూలం ఇక్కడే ఉంది. పైగా తువ్వాలులో చుట్టి, రెక్క చాచి పట్టుకున్న మనిషి ముఖాన్ని పక్షి చాలాకాలం గుర్తుంచుకుంటుంది. కత్తిరింపు తప్పదనుకుంటే ఆ పని వైద్యుని చేత, ఇంటికి బయట చేయించడం వల్ల రెండు ప్రయోజనాలు: నైపుణ్యం ఒకటి, నింద యజమానిపై పడకపోవడం మరొకటి.

వయసు మరో కీలకాంశం. లవ్ బర్డ్ పిల్ల సుమారు ఆరు వారాలకు గూడు విడిచి ఎగరడం మొదలుపెడుతుంది. తర్వాతి కొన్ని వారాల్లో వేగం అంచనా వేయడం, మలుపు తిరగడం, పడిపోకుండా వాలడం నేర్చుకుంటుంది. ఈ చదువు పూర్తికాకముందే రెక్క కత్తిరిస్తే అది జన్మంతా తడబడే పక్షిగా మిగిలే అవకాశం ఎక్కువ. దుకాణాల్లో జరుగుతున్నది తరచుగా ఇదే. అమ్మకానికి ముందు ఒకవైపు రెక్కను మాత్రం మొదలంటా కత్తిరించి ఇస్తారు. ఒకే రెక్క తగ్గిన పక్షి ఎగరబోతే సమతూకం తప్పి, గిరగిరా తిరుగుతూ రాయిలా పడుతుంది. ఛాతీ ఎముకపై చర్మం పగలడం, కొత్త ఈకలు విరిగి రక్తం కారడం దీని ఫలితాలు. అలాంటి పక్షిని కొన్నవారు దాని కొమ్మలను తక్కువ ఎత్తులో అమర్చి, పంజరం అడుగున మెత్తని గుడ్డ పరిచి, ఈకలు రాలి కొత్తవి వచ్చేవరకు ఓపిక పట్టాలి.

పద్ధతి ప్రకారం చేసేటప్పుడు ఇద్దరు ఉండాలి. ఒకరు పలుచని చేతి తువ్వాలుతో పక్షిని పట్టుకుని, బొటనవేలు, చూపుడు వేలితో తలకు రెండు పక్కలా దవడల దగ్గర ఆపుతారు. ఛాతీపై ఒత్తిడి ఏమాత్రం ఉండరాదు. పక్షికి మనలా ఉదరవితానం లేదు. ఛాతీ ఎముక ముందుకూ వెనక్కూ కదిలితేనే దానికి ఊపిరి ఆడుతుంది. గట్టిగా పట్టుకున్న పిడికిలిలో ఊపిరాడక చనిపోయే పక్షులు ఉన్నాయి. రెండో వ్యక్తి రెక్కను చివర పట్టి లాగకుండా, మణికట్టు వంటి కీలు దగ్గర ఆధారమిచ్చి విప్పుతారు. వెలుతురుకు ఎదురుగా పెట్టి ప్రతి కాడనూ పరీక్షించాలి. రక్తమున్న ఈక కనిపిస్తే ఆ రోజు పని ఆపేయడమే ఉత్తమం. లేకపోతే పైవరుస చిన్న ఈకల అంచుకు కొంచెం దిగువన, చివరి నుంచి లోపలికి ఒక్కొక్క ఈకనే కత్తిరిస్తూ రెండు రెక్కలకూ సమానంగా తగ్గించాలి. మొదట నాలుగైదు ఈకలతో ఆగి, పరుపున్న గదిలో తక్కువ ఎత్తు నుంచి పరీక్షించి చూడాలి. పక్షి ఏటవాలుగా జారుతూ నేలపై నెమ్మదిగా వాలితే అంతటితో ఆపాలి. లవ్ బర్డ్ తేలిక, ఎగరడంలో దిట్ట. అందుకే బరువైన చిలుకలకన్నా ఒకటి రెండు ఈకలు అదనంగా తీయవలసి రావచ్చు. నిలువునా పడిపోయిందంటే హద్దు దాటినట్లే. మొత్తం వ్యవహారం రెండు మూడు నిమిషాలు మించకూడదు. పక్షి నోరు తెరిచి ఎగశ్వాస తీస్తే మధ్యలోనైనా వదిలేయాలి.

కత్తిరించిన ఈక తిరిగి పెరగదు. అది రాలిపోయి, దాని స్థానంలో కొత్తది మొలవాలి. సాధారణంగా ఏడాదికొకసారి వచ్చే ఈకల మార్పిడితో ఇది జరుగుతుంది. ఈలోగా రెండు మూడు కొత్త ఈకలు వచ్చినా చాలు, లవ్ బర్డ్ ఎగరగలదు. 'రెక్కలు కత్తిరించాం కదా' అనే ధీమాతో డాబాపైకి తీసుకెళ్లినప్పుడు, ఒక్క గాలి తెమ్మెరకు పక్క వీధి దాటిన పక్షులు ఎన్నో. ఫ్యాను ఆపడం, కిటికీలకు దోమతెర బిగించడం, ఒక గదిని పక్షి వేళలకు కేటాయించడం అనే మూడు పనులు కత్తెరకంటే నమ్మకమైనవి. ఆ గదిలోనే కొర్ర కంకి చూపి, పేరు పెట్టి పిలిచి, అడుగు దూరం నుంచి మొదలుపెట్టి గది ఆ చివర నుంచి చేతికి ఎగిరివచ్చేలా నేర్పవచ్చు.

చట్టం సంగతి

మన రామచిలుకతో సహా స్వదేశీ చిలుకలన్నింటినీ 1972 నాటి వన్యప్రాణుల సంరక్షణ చట్టం కాపాడుతోంది; వాటిని పంజరంలో పెంచడం నేరం. లవ్ బర్డ్ విదేశీ పక్షి కాబట్టి పెంపకంపై ఆ నిషేధం లేదు. అయితే వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందపు జాబితాలో గులాబీ ముఖపు జాతి తప్ప మిగిలిన లవ్ బర్డ్ జాతులు ఉన్నాయి. గులాబీ ముఖపు జాతిని 2005లో ఆ జాబితా నుంచి తొలగించారు. సైటిస్ జాతులను మన చట్టంలోని నాలుగో షెడ్యూలులో చేర్చిన తర్వాత, 2024 ఫిబ్రవరిలో కేంద్రం విడుదల చేసిన నిబంధనల ప్రకారం అటువంటి ప్రాణులను పెంచేవారు పరివేష్ 2.0 పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. ఫిషర్స్ పక్షి ఉన్నవారు రశీదు భద్రపరచుకుని, స్థానిక అటవీ శాఖ కార్యాలయంలో వాకబు చేయడం మంచిది. కదలడానికి తగినంత చోటు లేని పంజరంలో ఏ ప్రాణిని బంధించినా 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం కింద నేరమవుతుంది. పక్షులకు ఎగిరే హక్కు ఉందని 2011లో గుజరాత్ హైకోర్టు, 2015లో ఢిల్లీ హైకోర్టు వ్యాఖ్యానించాయి.

ఎగిరిపోతే

ఎన్ని జాగ్రత్తలు తీసుకున్నా తలుపు ఒక్కసారి తెరిచి ఉండవచ్చు. పక్షి వెళ్లిన వెంటనే అది వాలిన చెట్టును కంటితో వదలకుండా చూడాలి. తరమకూడదు, చెట్టు ఊపకూడదు, నీళ్లు చల్లకూడదు. అలవాటైన పంజరాన్ని తలుపు తెరిచి, పైన కొర్ర కంకి కట్టి, పక్షికి కనిపించేలా డాబాపై ఉంచాలి. జత పక్షి ఉంటే దానిని మరో పంజరంలో పక్కనే ఉంచితే దాని పిలుపు మన పిలుపుకంటే దూరం వినిపిస్తుంది. సాయంత్రం చీకటి పడటానికి ముందు ఆకలితో అది కిందికి దిగే అవకాశం ఎక్కువ. రాత్రి అయితే కూర్చున్న కొమ్మను గుర్తుపెట్టుకుని, తెల్లవారకముందే అక్కడ ఉండాలి. కాకులు లేచే వేళకు ముందే పేరు పెట్టి పిలవడం మొదలుపెట్టాలి.